చేతికివ్వని ఉప్పు

ఉప్పు అయిపోతుందంట అని
ముందు ఎవరన్నారో ఇప్పటికీ తెలియదు.
సాయంత్రం ఆరింటికి కావలి ట్రంకురోడ్డు మీద
మా సూపర్ మార్కెట్ గాజు తలుపు
మూసుకోవడం మర్చిపోయింది.

మూడో నంబరు కౌంటరు నాది.
మా అమ్మ ఉప్పు ఎప్పుడూ చేతికివ్వదు.
గిన్నె కింద పెడుతుంది, మనం తీసుకోవాలి,
చేతులు మారితే తగువొస్తుందంట.
ఆ పూట నూట నలభైమంది చేతుల్లోంచి
ఉప్పు అందుకున్నాను.
మిషను కీమన్న ప్రతిసారీ
ఒక తగువు నా పద్దులో పడ్డట్టే ఉంది.

రైసుమిల్లాయన బండి నిండా
ముప్పయ్యారు పాకెట్లు.
"ఇన్నేం చేసుకుంటారు సార్?"
"నీకెందుకమ్మా, డబ్బులిస్తా ఉండా గదా."
నిజమే, ఇస్తున్నాడు.
నలుగురున్న ఇంటికి
మూడేళ్ళ చారు, మూడేళ్ళ పచ్చడి.
అంతకాలం బతుకుతామన్న ధీమా
మా ఇంట్లో ఎవరికీ ఎన్నడూ కలగలేదు.

జిలానీ సారు నూనెడబ్బాల అట్టపెట్టె చింపి
స్కెచ్ పెన్నుతో రాశాడు:
మనిషికి రెండే.

అరగంట పనిచేసింది ఆ అట్ట.
తర్వాత మనుషులు పుట్టుకొచ్చారు.
డ్రైవరొక మనిషి, వాచ్‌మన్ ఒక మనిషి,
చంకలో నిద్రపోతున్న పసిగుడ్డు ఒక మనిషి.
ఏనాడూ ఆ వాచ్‌మన్‌ని
మనిషి కింద లెక్కేయని మేడమ్
ఆ రోజు లెక్కేసింది.

హాస్టలు వంటాయన సుబ్బరాయుడు
ఎనభైమంది పిల్లకాయలకు రేపటి సాంబారని
పది పాకెట్లు తెచ్చి పెడితే
అట్ట వైపు వేలు చూపించి
ఎనిమిది వెనక్కి పెట్టించాను.
అట్టకు కళ్ళు లేవు.
నాకున్నాయి.
అయినా పెట్టించాను.

తొమ్మిది దాటాక, ర్యాకులో
చీపురుకు దొరికినంత ఉప్పు కూడా లేనప్పుడు
వచ్చింది వెంగమ్మ.
ఇసకపల్లి ఉప్పుమళ్ళలో పనిచేసే మనిషి.
కూతురి కాన్పుకని ఆసుపత్రికొచ్చిందంట,
గంజిలోకి చిన్న పాకెట్టు చాలంది.
మడమల పగుళ్ళలో ఇంకా
తెల్లగా ఏదో మెరుస్తా ఉంది.

లేదన్నాను.

నవ్వింది.
"మా గట్టు మీద గుట్టలు గుట్టలుగా ఉండాది మేయ్.
తాటాకు కప్పి మరీ వచ్చినా.
కొనేవోడు రాక
వానకు కరిగి కాలవలో పోతా ఉండాది."

సబ్బుల పెట్టెల వెనక
ఆరున్నరకే నేను దాచుకున్న రెండు పాకెట్లున్నాయి.
ఎవరికీ చెప్పలేదు. మీకే చెప్తున్నాను.
ఒకటి తీసి కౌంటరు మీద పెట్టాను.
చేతికివ్వలేదు.
ఎందుకివ్వలేదో ఆమె అడగలేదు,
ఉప్పు సంగతి ఆమెకు తెలియందా.
కొంగు ముడి విప్పి చిల్లర
తనూ కౌంటరు మీదే పెట్టింది.

నాలుగో రోజు రైసుమిల్లాయన వచ్చాడు,
ముప్పై నాలుగు పాకెట్లు, మడత నలగని బిల్లు.
"వాపసు తీసుకోండి. అంతా పుకారంట గదా."
జిలానీ సారు నా మొహం చూశాడు.
వద్దు సార్ అన్నాను.
నెలకు ముప్పైవేల ఖాతా ఆయనది.
తీసుకున్నారు.
పాకెట్లు మళ్ళీ ర్యాకెక్కించింది నేనే,
ఒక్కొక్కటీ తుడిచి.

ఇప్పుడు గోడ మీద అచ్చేసిన బోర్డు ఉంది.
కొరత రోజుల్లో కొన్న సరుకు
వాపసు తీసుకోబడదు.
మంచిదే.
దాని కింద ఇంకొక్క మాట రాయమని
అడుగుదామనుకుంటాను:
ఎంతమందికి వండుతారో చెప్పండి.
అడగలేదు ఇంకా.
అబద్ధం చెప్తారంటాడు సారు.
చెప్తారు.
ఆ చెప్పేటప్పుడు ఒక్క క్షణమైనా
ఎవరి ఆకులో ఎంతుందో
లెక్కపెట్టుకుంటారు గదా అని నా ఆశ.

రెండో పాకెట్టు మా ఇంట్లోనే ఉంది.
అమ్మ ఇంకా మూల కత్తిరించలేదు.
ముసురు పట్టింది నాలుగు రోజులుగా,
అలమర్లో పప్పుడబ్బా వెనక
లోలోపలే గడ్డకడుతోంది.